ఇంట్లో ఆరుగురు, పాసు ఎవరికి కావాలి?

ప్రశ్న: మేం హైదరాబాద్ రామంతాపూర్‌లో ఉంటాం. అమ్మానాన్నలను ఈ మధ్యే తెనాలి నుంచి మా దగ్గరికి తెచ్చుకున్నాం. నాన్నగారికి 66, అమ్మకి 61. అమ్మ ఆధార్‌లో ఇంకా తెనాలి అడ్రసే ఉంది, కండక్టరు ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ ఇవ్వనన్నాడు. నాన్నగారు నెలలో ఏడెనిమిది సార్లు పంజాగుట్ట ఆసుపత్రికీ, చుట్టాల ఇళ్లకీ వెళ్తారు. పెద్దవాళ్లకు 50 రూపాయల టికెట్ ఉంటుందని ఎవరో చెప్పారు, నిజమేనా? తమ్ముడికి 34 ఏళ్లు, చిన్నప్పుడు పోలియో వచ్చి కుడి కాలు దెబ్బతింది. వైకల్యం 55 శాతమని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉంది. రోజూ బేగంపేటలో ఉద్యోగానికి వెళ్తాడు, నెలకు రెండుసార్లు వరంగల్ పోయి వస్తాడు. బాబు నారాయణగూడలో ఇంటర్ మొదటి సంవత్సరం, సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్. పాప కోఠిలో డిగ్రీ. అందరికీ బస్సు పాసులు తీసుకుందామని ఆర్టీసీ కౌంటర్‌కి వెళ్తే ఏ పాసు అంటే ఏం చెప్పాలో తెలీక తిరిగొచ్చేశాను.

సమాధానం: తిరిగి రావడమే మంచిదయింది. మీ ఇంట్లో కౌంటర్ దగ్గర నిలబడాల్సింది బాబూ, మీ తమ్ముడూ మాత్రమే. మీకూ పాపకీ పాసుతో పని లేదు. నాన్నగారికి నెల పాసు తీసుకుంటే డబ్బు దండగ. అమ్మ సంగతి ఆధార్‌తో ముడిపడి ఉంది, అక్కడ మాత్రం తొందరపడకండి.

ముందు మీరూ పాపా. 2023 డిసెంబరు 9న మొదలైన మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఉండే ఆడవాళ్లకు, ఏ వయసు వారికైనా, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. జిల్లాలకు పోయే పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలోనూ అంతే. ట్రాన్స్‌జెండర్లకు కూడా ఇది వర్తిస్తుంది. పాప కోఠి వెళ్లడానికి ఈ రెండు రకాల బస్సులే ఎక్కేటట్టయితే స్టూడెంట్ పాసు మీద రూపాయి కూడా పెట్టక్కర్లేదు. మెట్రో డీలక్స్‌లో, ఎయిర్‌పోర్టుకు పోయే పుష్పక్‌లో మాత్రం ఉచితం లేదు. హడావుడిలో బోర్డు చూడకుండా డీలక్స్ ఎక్కి, ఆధార్ చూపించి, కండక్టరుతో వాదన పెట్టుకోవడం ఈ నగరంలో రోజూ జరిగే పనే. అక్కడ కండక్టరు చేయగలిగింది ఏమీ లేదు, టికెట్ తీసుకోవాల్సిందే.

ఉచితమే కదా అని టికెట్ తీసుకోకుండా కూర్చుంటే అది కూడా టికెట్ లేని ప్రయాణమే. జీరో టికెట్ అడిగి తీసుకోవాలి, దిగేదాకా చేతిలో ఉంచుకోవాలి. తనిఖీ స్క్వాడ్ ఎక్కినప్పుడు ఆధార్ ఉందని చెప్తే సరిపోదు. రెండో సంగతి, గుర్తింపు కార్డు ఒరిజినల్ ఉండాలి. జిరాక్స్ చెల్లదు, ఫోన్‌లో ఫొటో చెల్లదు. అడ్రసు లేని కార్డూ పనికిరాదు, అందుకే పాన్ కార్డు చూపిస్తే ఒప్పుకోరు. ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి, తెలంగాణ అడ్రసుతో, ఫొటో గుర్తుపట్టేటట్టు ఉండాలి. ఇక్కడొక చిక్కుంది. రాష్ట్రం విడిపోకముందు ఇచ్చిన ఆధార్ కార్డుల మీద హైదరాబాద్ అడ్రసు కింద ఆంధ్రప్రదేశ్ అనే ఉంటుంది. మీది ఆ పాత కార్డే అయితే మీరు పుట్టి పెరిగింది రామంతాపూర్‌లోనే అయినా గొడవ తప్పదు. ఇంటికెళ్లగానే మీ కార్డూ పాప కార్డూ ఒకసారి చూసుకోండి.

ఇక అమ్మ. తెనాలి అడ్రసు చూసి జీరో టికెట్ ఇవ్వని కండక్టరుది తప్పు కాదు. పథకం తెలంగాణ నివాసులకే. ఆధార్‌లో అడ్రసు మార్చేస్తే ఇక్కడ ఉచితం మొదలవుతుంది, నిజమే. కానీ 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీశక్తి పేరుతో ఇలాంటి పథకమే నడుస్తోంది. అక్కడ పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ వంటి బస్సుల్లో ఆ రాష్ట్రపు ఆడవాళ్లకు ఛార్జీ లేదు. అమ్మ అడ్రసు ఇక్కడికి మారిందంటే తెనాలి నుంచి గుంటూరుకో విజయవాడకో వెళ్లేటప్పుడు డబ్బు పెట్టి ఎక్కాలి. రెండు చోట్లా ఉచితం దొరకదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎక్కడ ఉంటారో, ఎక్కడ ఎక్కువ తిరుగుతారో చూసి తేల్చుకోండి.

బస్సు కన్నా పెద్ద లెక్క ఇంకొకటి ఉంది. అమ్మకి ఆంధ్రప్రదేశ్‌లో వృద్ధాప్య పింఛను వస్తోందా? ఎన్టీఆర్ భరోసా కింద అది నెలకు 4,000 రూపాయలు. రేషన్ కార్డులో పేరు ఉందా? అవి ఉంటే, వార్డు సచివాలయంలో కనుక్కోకుండా ఆధార్ అడ్రసు ముట్టుకోకండి. నెలకు నాలుగైదు వందల బస్సు ఛార్జీ మిగులుతుందని చూసుకుని నాలుగు వేలకు ఎసరు తెచ్చుకున్నట్టవుతుంది. ఆధార్ తెనాలిదే ఉంచి ఓటరు కార్డు ఇక్కడ తీసుకుందామన్న ఆలోచన కొందరికి వస్తుంది. తెనాలిలో ఓటు ఉండగా ఇక్కడ ఇంకోటి రాయించుకోవడం నేరం. ఓటు మార్చుకోవడం వేరు, రెండోది పెట్టుకోవడం వేరు.

పింఛను లేదు, అమ్మ ఇక ఇక్కడే ఉంటారు అనుకుంటే అడ్రసు మార్చడం కష్టమేం కాదు. అమ్మ పేరు మీద కరెంటు బిల్లు, అద్దె ఒప్పందం లాంటివి ఉండవు కాబట్టి చాలామంది అక్కడే ఆగిపోతారు. వాళ్ల కోసమే కుటుంబ పెద్ద ఆధారంగా అడ్రసు మార్చే పద్ధతి 2023లో వచ్చింది. ఇక్కడ కుటుంబ పెద్ద అంటే మీరే కావచ్చు, మీ ఆధార్‌లో రామంతాపూర్ అడ్రసు ఉంటే చాలు. మైఆధార్ వెబ్‌సైట్‌లో అమ్మ నంబరుతో లాగిన్ అయి, మీ ఆధార్ నంబరు ఇచ్చి, మీ ఇద్దరి సంబంధం చూపే కాగితం ఏదైనా పెట్టాలి. అలాంటి కాగితం లేకపోతే ఆధార్ సంస్థ ఇచ్చిన నమూనాలో మీ స్వీయ ప్రకటన పెట్టొచ్చు. ఫీజు కట్టాక మీకు మెసేజ్ వస్తుంది. 30 రోజుల్లోపు మీరు మీ ఆధార్‌తో లాగిన్ అయి ఒప్పుకోవాలి. ఎక్కువ దరఖాస్తులు ఇక్కడే పోతాయి. మెసేజ్ చూసి ఊరుకుంటారు, గడువు దాటిపోతుంది, కట్టిన ఫీజు కూడా వెనక్కి రాదు. అమ్మ ఆధార్‌కి ఫోన్ నంబరు లింకై లేకపోతే ఆన్‌లైన్‌లో అడుగు కూడా ముందుకు పడదు, ముందు ఆధార్ సెంటర్‌కి వెళ్లి నంబరు ఎక్కించండి. అడ్రసు మారాక పీవీసీ కార్డు తెప్పించుకుంటే బస్సులో చూపించడానికి బాగుంటుంది.

అడ్రసు మార్చిన తరవాత అమ్మ ఊరు వెళ్లేటప్పుడు తెలంగాణ ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో మన రాష్ట్రం సరిహద్దు దాకా జీరో టికెట్ ఇస్తారు, ఆ పైన ఛార్జీ కట్టాలి. మార్చకపోతే స్త్రీశక్తి ఈ ప్రయాణంలో అక్కరకు రాదు, అంతర్రాష్ట్ర సర్వీసుల్లో అది లేదు.

నాన్నగారి లెక్క సులువు. మీరు విన్న 50 రూపాయల టికెట్ పేరు టీ-6. ఆడవాళ్లకు, 60 దాటిన వాళ్లకు పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా తిరగడానికి 2023లో పెట్టారు. మహాలక్ష్మి వచ్చాక బస్సుల్లో రద్దీ పెరిగింది. ఒక్కొక్కరి కార్డు చూసి వయసు రాసుకుని టికెట్ కొట్టడానికి సమయం పడుతోందని 2024 జనవరి 1 నుంచి ఆపేశారు. దాంతోపాటే కుటుంబానికిచ్చే ఎఫ్-24 కూడా పోయింది. పాత వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

నెల పాసు ధరలు 2025 జూన్‌లో పెరిగాయి. సిటీ ఆర్డినరీ 1,150 నుంచి 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్ 1,300 నుంచి 1,600, మెట్రో డీలక్స్ 1,450 నుంచి 1,800 అయ్యాయి. నాన్నగారికి రానూ పోనూ రోజుకు 80 రూపాయలు అవుతుందనుకుందాం. నెలలో ఎనిమిది సార్లంటే 640. అదే 80 రూపాయల లెక్కన 1,400 పాసు గిట్టుబాటు కావాలంటే నెలకు 18 రోజులు బస్సెక్కాలి, 1,600 పాసుకైతే 20 రోజులు. ఆసుపత్రికి వెళ్లే పెద్దాయనకి అన్ని తిరుగుళ్లు ఉండవు. అసలు ఛార్జీ ఎంతవుతోందో ఓ వారం టికెట్లు దాచి చూసుకుని 1,400ని దాంతో భాగించండి, వచ్చిన అంకె ఆయన తిరిగే రోజుల కన్నా ఎక్కువైతే పాసు వద్దు.

ఆయనకి పనికొచ్చేది టీ-24 టికెట్. ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో 24 గంటలపాటు ఎన్ని బస్సులైనా మారొచ్చు. కండక్టరు దగ్గరే దొరుకుతుంది. 60 దాటిన వాళ్లకు దీని ధర తగ్గించి 2023లో విడిగా పెట్టారు, కాబట్టి ఆధార్ చూపించి, సీనియర్ సిటిజన్‌నని ముందే చెప్పి ధర అడగమనండి. టికెట్ కొట్టాక చెప్తే మార్చడం కుదరదు. ఇందులో చాలామంది పట్టించుకోనిది గడియారం. 24 గంటలు టికెట్ కొట్టిన నిమిషం నుంచి మొదలవుతాయి, అర్ధరాత్రితో అయిపోవు. పొద్దున పదింటికి పరీక్షలకు వెళ్లి, మర్నాడు తొమ్మిదింటికి రిపోర్టులు తెచ్చుకునే పనైతే ఒకే టికెట్‌తో మర్నాడు వెళ్లడం కూడా అయిపోతుంది, పదిలోపు ఆసుపత్రి దగ్గర దిగితే చాలు, పది దాటాక తిరిగి బస్సెక్కితే మాత్రం వేరే టికెట్ కావాలి. ఒక్క ఆసుపత్రికి నేరుగా వెళ్లి నేరుగా వచ్చే రోజున మాత్రం మామూలు టికెట్టే చౌక కావచ్చు. రెండు బస్సులు మారి, దారిలో చుట్టాలింటికి కూడా వెళ్లే రోజున టీ-24 తీసుకోవాలి.

రైల్లో పెద్దవాళ్ల రాయితీ 2020 మార్చి 20న ఆగిపోయింది. మిగిలింది కింది బెర్తు కోటా. 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు అది ఉంది. అమ్మానాన్నలిద్దరికే ఒక టికెట్టుగా బుక్ చేయండి, మీ అందరి పేర్లూ కలిపి ఒకే టికెట్‌లో పెడితే ఆ కోటా వర్తించదు.

బాబుకి స్టూడెంట్ పాసు తీసుకోండి. రూట్ పాసు రెండు చోట్ల మధ్యే చెల్లుతుంది. రామంతాపూర్ నుంచి నారాయణగూడకి రూట్ పాసు తీసుకుంటే సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్‌కి టికెట్ కొనాలి. రోజూ మూడు చోట్ల తిరిగే పిల్లాడికి నగరమంతా చెల్లే గ్రేటర్ పాసే నయం. పాసు మీద ఏ సర్వీసు రాసి ఉంటే ఆ బస్సుకే అది చెల్లుతుంది, ఆ మాట చదివి చెప్పండి, పిల్లలు చదవరు.

దరఖాస్తు ఆర్టీసీ బస్ పాస్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. పదో తరగతి హాల్ టికెట్ నంబరు, పాసైన సంవత్సరం, పుట్టిన తేదీ, ఆధార్, ఫొటో కావాలి, జాబితాలోంచి కాలేజీని ఎంచుకోవాలి. పదో తరగతి తెలంగాణ బోర్డు కాకపోతే మార్కుల మెమో కూడా దగ్గర పెట్టుకోండి. ఆ తరవాత దరఖాస్తు కాలేజీ లాగిన్‌కి వెళ్తుంది. వాళ్లు ఇతను మా విద్యార్థే అని ఒప్పుకుంటేనే కౌంటర్‌లో డబ్బు తీసుకుని కార్డు ఇస్తారు. ఆలస్యం జరిగేదంతా ఇక్కడే. జూన్, జులైలలో కాలేజీ గుమస్తా ముందు వందల దరఖాస్తులు ఉంటాయి. దరఖాస్తు నంబరు కాగితం మీద రాసి బాబు చేత ఆఫీసులో ఇప్పించండి. కదలడం లేదని మళ్లీ కొత్త దరఖాస్తు పెట్టకండి, ఒకే ఆధార్‌తో రెండు ఉంటే ఏది అసలుదో తేల్చడానికి ఇంకొన్ని రోజులు పోతాయి. కాలేజీ పేరు జాబితాలో కనబడకపోతే ఆ కాలేజీ ఆర్టీసీ దగ్గర నమోదు కాలేదన్నమాట. అది ప్రిన్సిపాల్ చేయించాల్సిన పని, మీరు కౌంటర్ చుట్టూ తిరిగితే కాదు. ఆధార్‌లో, పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒకలాగే ఉందో లేదో ముందే చూసుకోండి.

కౌంటర్లు మెహిదీపట్నం, దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి, ఈసీఐఎల్, సికింద్రాబాద్ రేతిఫైల్ వంటి చోట్ల ఉన్నాయి. బాబు ఎలాగూ దిల్‌సుఖ్‌నగర్ వెళ్తాడు కాబట్టి అక్కడే తీసుకోవచ్చు. కౌంటర్ బయట ఫారాలు నింపిపెడతామని డబ్బడిగే వాళ్లు ఉంటారు, వాళ్లతో పని లేదు. కార్డు చేతికి రాగానే దాని నంబరు కనబడేటట్టు ఫొటో తీసి పెట్టుకోండి, పోగొట్టుకున్నప్పుడు మొదట అడిగేది అదే.

ఎంఎంటీఎస్ లోకల్ రైలు దగ్గరలో ఉన్న పాఠకులకు ఇంకో మాట. ఇంటి దగ్గరి స్టేషన్ నుంచి బడి దగ్గరి స్టేషన్‌కు రెండో తరగతి నెలవారీ సీజన్ టికెట్‌ను, అబ్బాయిలకు 12వ తరగతి దాకా, అమ్మాయిలకు డిగ్రీ దాకా, రైల్వే ఉచితంగా ఇస్తుంది. బడి, కాలేజీ నుంచి సర్టిఫికెట్ తీసుకెళ్లాలి. రామంతాపూర్‌కి రైలు లేదు కాబట్టి మీకు ఇది కుదరదు.

తమ్ముడి దగ్గరికి వద్దాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 40 శాతాన్ని గీతగా పెట్టుకుంది, ఆయనకి 55 ఉంది కాబట్టి ఆర్టీసీ దగ్గర అడ్డు లేదు. కౌంటర్‌లో మామూలు నెల పాసు అడగకుండా, దివ్యాంగుల పాసు అని పేరు పెట్టి అడగమనండి. అడగకపోతే ఎవరూ గుర్తుచేయరు. సదరం సర్టిఫికెట్ ఒరిజినల్, ఆధార్, ఫొటోలు తీసుకెళ్లాలి. వరంగల్‌కు ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే ఆర్టీసీ దివ్యాంగుల కార్డుతో ఛార్జీలో 50 శాతం రాయితీ ఉంటుంది. సదరం కాగితంలో పర్మినెంట్ అని ఉందా, టెంపరరీ అని ఉందా చూడండి. టెంపరరీ అయితే దాని గడువు దాటాక కార్డు రెన్యువల్ కాదు, మళ్లీ క్యాంపు తేదీ దొరికేదాకా పూర్తి ఛార్జీ కట్టాలి. కేంద్రం దివ్యాంగులకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు ఇంకా తీసుకోకపోయి ఉంటే స్వావలంబన్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టండి. దేశమంతా చెల్లే కార్డు అది. 40 నుంచి 80 శాతం మధ్య ఉన్నవాళ్లకు పసుపు గీతతో వస్తుంది, 40 లోపు తెలుపు, 80 దాటితే నీలం. పేరు ఆధార్‌లో ఉన్నట్టే పెట్టించండి.

రైలు సంగతి వేరు, ఇక్కడ ఎక్కువమంది బోల్తా పడతారు. రైల్వేకి శాతం ఒక్కటే చాలదు. కాళ్లు చేతుల వైకల్యం ఉన్నవాళ్లలో తోడు లేకుండా ప్రయాణం చేయలేని వాళ్లకే రాయితీ. రైల్వే నమూనా సర్టిఫికెట్‌లో ఆ వాక్యం ఉంటుంది, ప్రభుత్వ ఆసుపత్రి డాక్టరు దాన్ని ధ్రువీకరించి సంతకం, ముద్ర వేయాలి. సదరం కాగితంలో ఆ వాక్యం ఉండదు కాబట్టి అదొక్కటే పట్టుకెళ్తే తిప్పి పంపుతారు. మీ తమ్ముడు రోజూ ఒంటరిగా బేగంపేట వెళ్లి వస్తున్నాడు. డాక్టరు ఆయన్ని చూసి ఆ మాట రాయగలనంటేనే ఈ రాయితీ, లేదంటే లేదు. తెలిసినవాళ్ల చేత రాయించుకోవాలని చూడకండి, రైల్లో తనిఖీలో చిక్కేది ఆయనే.

డాక్టరు రాసిస్తే ఆ సర్టిఫికెట్, వైకల్య ధ్రువపత్రం, ఫొటో, పుట్టిన తేదీకి, అడ్రసుకు రుజువులు రైల్వే దివ్యాంగుల కార్డు వెబ్‌సైట్‌లో పెట్టాలి. డివిజన్ కమర్షియల్ విభాగం పరిశీలించి కార్డు ఇస్తుంది. పర్మినెంట్ వైకల్యానికి డాక్టరిచ్చే ఆ సర్టిఫికెట్ గడువు 25 ఏళ్ల లోపు వాళ్లకు 5 ఏళ్లు, 26 నుంచి 35 మధ్య వాళ్లకు 10 ఏళ్లు, 35 దాటాక జీవితాంతం. ఆయనకి 34 కాబట్టి ఇప్పుడు తీసుకుంటే పదేళ్లది వస్తుంది. జీవితాంతపు సర్టిఫికెట్ కోసం ఆగి ఈలోగా నెలకు రెండుసార్లు పూర్తి ఛార్జీ కట్టడం తెలివైన పని కాదు.

ఆ కార్డుతో సెకండ్ క్లాస్, స్లీపర్, థర్డ్ ఏసీలలో 75 శాతం, సెకండ్ ఏసీ, ఫస్ట్ ఏసీలలో 50 శాతం తగ్గుతుంది. తోడు వచ్చే ఒకరికి కూడా అంతే తగ్గుతుంది, కాకపోతే ఆ మనిషి ఆయనతో కలిసి ప్రయాణం చేయాలి, తనొక్కరే ఆ టికెట్‌తో వెళ్లకూడదు. తగ్గేది అసలు ఛార్జీలోనే. స్లీపర్ అసలు ఛార్జీ 160 అనుకుంటే 40 అవుతుంది, దాని మీద రిజర్వేషన్ 20, సూపర్‌ఫాస్ట్ అయితే 30 యథాతథంగా పడి మొత్తం 90 అవుతుంది. మొత్తంలో పావు వంతే అనుకుని కౌంటర్‌లో ఎక్కువ తీసుకున్నారని గొడవపడేవాళ్లు ఉంటారు. ప్రయాణంలో కార్డు ఒరిజినల్ తప్పకుండా దగ్గర ఉండాలి.

చివరగా, మెట్రో రైలు. అక్కడ విద్యార్థులకు 2023 జులైలో పెట్టిన పాసులో 20 ట్రిప్పుల డబ్బుతో 30 ట్రిప్పులు తిరిగే వీలుండేది. అది ఎప్పటికప్పుడు గడువు పెట్టి నడిపిన ఆఫర్, పైగా దానికి విడిగా కార్డు కొనాల్సి వచ్చేది. బాబుకి స్టేషన్ దాకా వెళ్లడానికే మళ్లీ బస్సు కావాలి కాబట్టి మీరు దాని జోలికి వెళ్లనక్కర్లేదు. బస్సుల విషయంలో ఏ సందేహం వచ్చినా ఆర్టీసీ కాల్ సెంటర్ నంబర్లు 040-69440000, 040-23450033. కౌంటర్‌కి బయల్దేరే ముందే తమ్ముడి పాసు గురించి, ఏయే బస్సుల్లో చెల్లుతుందో, ఏ కౌంటర్‌లో ఇస్తారో అక్కడ అడిగేయండి, కాలు నొప్పితో ఆయన రెండు చోట్ల తిరగక్కర్లేదు.